పేరు మార్చిన రాత్రి

మా డీటీపీ సెంటర్ కంప్యూటరులో మూడు డ్రైవులుండేవి. సి డ్రైవులో విండోస్, డి డ్రైవులో మా పని, ఇ డ్రైవులో ఆ పనికి బ్యాకప్. 2018 నవంబరు చివర్లో ఒక సాయంత్రం, షట్టరు దించే ముందు, నేను డి డ్రైవు పేరు ఇ అని మార్చాను. అప్పటికి ఎఫ్ అయి కూర్చున్న బ్యాకప్ డిస్కుకు డి అని పేరు పెట్టాను. రెండు నిమిషాల పని. తెల్లారేసరికి పందొమ్మిది రోజుల పని పోయింది. ఎలా పోయిందో, పోయాక నేను ఏమేం చేశానో ఇన్నేళ్లలో ఎవరికీ మొత్తంగా చెప్పలేదు. కొంత మా మేనల్లుడికి తెలుసు, కొంత మాస్టారికి తెలుసు. మా దగ్గర పనిచేసిన కుర్రాడికి తెలియాల్సింది మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను పని నేర్చుకున్నది 1996లో, మా సెంటరున్న బెజవాడలోనే. అప్పుడు ఏ డ్రైవంటే ఫ్లాపీ. 1.44 ఎంబీ పట్టే ఆ పలకల్లో పేజీమేకర్ ఫైళ్లు పెట్టుకుని ప్రెస్సుల చుట్టూ తిరిగేవాళ్లం. ఏ, బి అక్షరాలు ఫ్లాపీలవి, సి హార్డ్ డిస్కుది అని మాకు మొదటిరోజే చెప్పారు. ఎందుకలా అని నేను అడగలేదు. ఈ అక్షరాల పద్ధతి 1970లలో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం నుంచి డాస్‌కు వచ్చిందనీ, 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్ డిస్కుతో వచ్చేసరికే మొదటి రెండు అక్షరాలూ ఫ్లాపీలకు పోయి ఉన్నాయనీ ఈ గొడవ అయ్యాకే చదివి తెలుసుకున్నాను. ఇరవై రెండేళ్ల పాటు నా బుర్రలో ఉన్నది ఒకటే. డి అంటే కంప్యూటరు లోపల ఉన్న ఆ ఇనప డబ్బా. ఆ అక్షరం దాని ఒంటి మీదే ఉన్నట్టు, అది ఎక్కడికి వెళ్తే అక్షరమూ అక్కడికే వెళ్తుందన్నట్టు నమ్మాను.

ఆ రోజుల్లో మా చేతిలో ఉన్న పెద్ద పని మాస్టారి పుస్తకం. ఆయన రిటైరైన తెలుగు పండితులు. సొంతూరు మంగళగిరి, పుట్టింది చేనేత ఇంట్లో. గుంటమగ్గాల మీద బతికిన వీధుల గురించి, ఆసులు పోసిన ఆడవాళ్ల గురించి, తెల్లవారుజామున వీధి పొడుగునా సాగదీసిన పడుగుల గురించి ఎనిమిదేళ్లు తిరిగి రాసుకున్నారు. రాతకు తోడు ఇంటింటికీ వెళ్లి పాత ఫోటోలు అడిగి తెచ్చేవారు. ఒక్కో ఫోటోను కవర్లో పెట్టి, కవరు మీద ఆ ఇంటివారి పేరు రాసి, నా చేతికిచ్చి, స్కాన్ అయ్యేదాకా పక్కనే కూర్చుని, అదే సాయంత్రం తీసుకెళ్లి తిరిగి ఇచ్చేసేవారు. మొత్తం 214 ఫోటోలు. సంక్రాంతికి పుస్తకం రావాలని ఆయన కోరిక.

పోస్టుకార్డంత ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేసి టిఫ్‌గా దాస్తే సుమారు 25 ఎంబీ అవుతుంది. ఏ4 సైజుదైతే 100 ఎంబీ. పేజీమేకర్ అంత పెద్ద బొమ్మను తన ఫైల్లోకి తీసుకునే ముందు ఒక మాట అడుగుతుంది, బొమ్మను లోపలే దాచాలా అని. అందరం వద్దంటాం. లేకపోతే ఫైలు మొయ్యలేనంత పెరిగిపోతుంది. వద్దంటే అది బొమ్మకు బదులు బొమ్మ ఉన్న దారి గుర్తుపెట్టుకుంటుంది. డి డ్రైవు, అందులో వర్క్స్ ఫోల్డరు, అందులో మాస్టారి ఫోల్డరు, అందులో ఫలానా ఫోటో. ఆ దారిలో మొదటి అక్షరం తప్పితే తెర మీద మసక బొమ్మ ఉంటుంది గానీ ప్రింటుకు అసలు బొమ్మ దొరకదు. అందుకే మా వృత్తిలో వాళ్లందరికీ డి అంటే డి గానే ఉండాలన్న పట్టు ఉంటుంది. నాకూ ఉంది. నా తప్పు ఆ పట్టులోంచే పుట్టింది.

బ్యాకప్ ఏర్పాటు 2015లో మా మేనల్లుడు చేసిపెట్టాడు. గుంటూరులో కంప్యూటర్ల సర్వీసు చేస్తాడు. బయట తగిలించే 1 టీబీ డిస్కు కొనిపించి, దాన్ని ఇ డ్రైవు చేసి, రోబోకాపీతో ఒక చిన్న బ్యాచ్ ఫైలు రాసి, రోజూ రాత్రి పదకొండింటికి దానంతటదే నడిచేలా టాస్క్ షెడ్యూలర్లో పెట్టాడు. డి డ్రైవులోని వర్క్స్ ఫోల్డరును ఇ డ్రైవులో అచ్చంగా అలాగే తయారుచెయ్యి అన్నది దానికిచ్చిన ఆజ్ఞ. అందులో మిర్ అనే స్విచ్చి ఉంది. అద్దంలో బొమ్మలాగా అన్నమాట. ఇటువైపు లేనిది అటువైపు ఉంటే దాన్ని చెరిపేస్తుంది కూడా. ఆ రోజు వాడు ఈ సంగతి వివరంగానే చెప్పాడు. "అత్తా, ఇది ఒకవైపే నడుస్తుంది, గుర్తుపెట్టుకో" అన్నాడు. నేను తలూపి, ఎవరో పెళ్లికార్డు ప్రూఫు అడుగుతుంటే అటు తిరిగాను.

2018 దీపావళి ముందు సెంటరంతా దుమ్ము దులిపాం. బ్యాకప్ డిస్కు వైరు తీసి పక్కన పెట్టాం. మర్నాడు పొద్దున మా కుర్రాడు ఎవరో కస్టమరు తెచ్చిన పెన్ డ్రైవ్ పెట్టాడు. ఇ అక్షరం ఖాళీగా ఉంది కనుక విండోస్ దాన్ని పెన్ డ్రైవ్‌కు ఇచ్చింది. ఆ తర్వాత బ్యాకప్ డిస్కు పెడితే దానికి ఎఫ్ ఇచ్చింది. కస్టమరు పెన్ డ్రైవ్ పట్టుకుని వెళ్లిపోయాడు. బ్యాకప్ డిస్కు ఎఫ్ గానే ఉండిపోయింది. ఆ రాత్రి నుంచి పదకొండింటికి బ్యాచ్ ఫైలు లేచి, ఇ డ్రైవు కనబడక ఊరుకుంది. పందొమ్మిది రాత్రులు అలాగే. ఆ వేళకు సెంటర్లో ఎవరం ఉండం. ఏ రాత్రి ఏం కాపీ అయిందో రాసిపెట్టే లాగ్ ఫైలు పెట్టమని నేను అడగలేదు. మూడేళ్లలో ఒక్కసారైనా బ్యాకప్ డిస్కు తెరిచి నిన్నటి ఫైలు అందులో ఉందా అని చూడలేదు.

ఇక ఆ సాయంత్రం. డి డ్రైవు 500 జీబీ డిస్కు. నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది. స్కాన్ చేసింది దాచబోతే చోటు లేదంది. మాస్టారు ఇంకో ఆరు ఫోటోలు పట్టుకుని రేపు పొద్దున వస్తానన్నారు. మేనల్లుడికి ఫోన్ చేద్దామనుకున్నాను. చిన్న విషయానికి కూడా వాణ్ణి పిలుస్తున్నానని నాలో నాకే ఒక రోషం. ఇన్నేళ్ల అనుభవం ఉండి ఈ మాత్రం చెయ్యలేనా అనుకున్నాను. చూస్తే ఎఫ్ డ్రైవు ఉంది, 1 టీబీ, సగం పైగా ఖాళీ. ఎలాగూ మా పనంతా అందులో ఉండనే ఉంది కదా. దానికే డి అని పేరు పెడితే పేజీమేకర్‌కు దారులన్నీ అలాగే దొరుకుతాయి. పాత డిస్కుకు ఇ అని పెడితే అది బ్యాకప్ అవుతుంది. కాపీ చేసే శ్రమ కూడా లేదు. ఎంత తేలిక ఉపాయం అని సంతోషపడ్డాను. ఎఫ్ అని ఎందుకుంది, ఇ ఏమైంది అన్న ప్రశ్న కళ్లెదురుగా ఉంది. అడగలేదు.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. డి మీద రైట్ క్లిక్ కొట్టి, అక్షరం మార్చే చోటుకు వెళ్లి ఇ అని పెట్టాను. డ్రైవు అక్షరాల మీద ఆధారపడే కొన్ని ప్రోగ్రాములు సరిగ్గా పనిచేయకపోవచ్చు, కొనసాగించాలా అని అడిగింది. అవునన్నాను. ఎఫ్ ను డి చేశాను. మళ్లీ అదే అడిగింది, మళ్లీ అవునన్నాను. కంప్యూటరు ఒకసారి ఆపి వేసి, పరీక్షకని పేజీమేకర్లో ఒక స్కూలు సావనీరు తెరిచాను. అది వేసవిలో అయిపోయిన పని. బొమ్మలన్నీ చక్కగా కనబడ్డాయి. మాస్టారి పుస్తకం తెరిచి ఉంటే ఆ క్షణంలోనే తెలిసిపోయేది, పేజీలు తక్కువున్నాయని. తెరవలేదు. కంప్యూటరు వేసే ఉంచి ఇంటికెళ్లిపోయాను.

పదకొండింటికి బ్యాచ్ ఫైలు లేచింది. ఈసారి దానికి డి ఉంది, ఇ కూడా ఉంది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. పందొమ్మిది రోజుల కిందటి నకలును అసలనుకుని, అసలును దాని ప్రకారం దిద్దింది. కొత్త స్కాన్లు అటువైపు లేవు గనుక చెరిపేసింది. దిద్దిన పేజీల మీద దిద్దని పాత పేజీలు రాసింది. రెండువైపులా ఒకే పేరున్న ఫైలు తేడాగా కనిపిస్తే, ఏది కొత్తది ఏది పాతది అన్న విచారం రోబోకాపీకి మామూలుగా ఉండదు. పాతవాటిని వదిలెయ్యమని ప్రత్యేకంగా ఇంకో స్విచ్చితో చెప్పాలి. మా బ్యాచ్ ఫైల్లో అది లేదు. ఎప్పుడూ ఒకేవైపు నడిచే పనికి దాని అవసరం ఏముంటుంది?

పొద్దున మాస్టారి పుస్తకం తెరిస్తే 296 పేజీలుండాల్సింది 208 ఉన్నాయి. వేరే ఫైలు తెరిచాననుకున్నాను. మూసి తెరిచాను. అప్పుడు వెలిగింది, ఇది పాత నకలు, అసలు ఇ డ్రైవులో ఉంది కదా అని. గుండె కాస్త కుదుటపడి ఇ డ్రైవు తెరిచాను. అందులోనూ 208. ఫోల్డర్లు పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క ఫైలు తేడా లేదు. రెండు డిస్కులూ అచ్చుగుద్దినట్టు ఒకటే. అరచేతులు చల్లబడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

ఆ తర్వాత గంటలో నేను చేసినవి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అక్షరాలు మళ్లీ వెనక్కి మార్చేశాను, పాత పేరు పెడితే పాత పని తిరిగొస్తుందన్నట్టు. రాలేదు. పోయిన ఫైళ్లు తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదో వెతికి, ఫైళ్లు పోయిన ఆ డిస్కు మీదకే దింపుకున్నాను. అది సగంలో ఉండగా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు రెండు మాటలు వినీ వినగానే, "అత్తా, ముందు మెషిన్ ఆపెయ్. షట్‌డౌన్ కూడా వద్దు, వైరు పీకెయ్. దాని మీద ఇంకొక్క అక్షరం కూడా పడకూడదు" అని అరిచాడు. వాడు నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. చెరిపేసిన ఫైలు వెంటనే మాయమైపోదనీ, ఆ చోటు ఖాళీ అని డిస్కు రాసుకుంటుందే తప్ప దాని మీద వేరేది పడేదాకా పాతది కిందే ఉంటుందనీ తర్వాత చెప్పాడు. నేను దింపుకున్న సాఫ్ట్‌వేర్ ఎన్ని ఫోటోల మీద పడిందో ఎవరికీ తెలియదు.

మెషిన్ ఆపేశాక కుర్రాణ్ణి పిలిచాను. పెళ్లికార్డుల వాళ్లు నలుగురు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. బ్యాకప్ డిస్కు అక్షరం ఎలా మారిందని అడిగాను. వాడు దాచకుండా పెన్ డ్రైవ్ సంగతి చెప్పాడు. అంతే, నాకు ఒక మనిషి దొరికాడు. "చూసి పెట్టలేవూ? ముందు మన డిస్కు పెట్టాలని తెలీదా? నీవల్ల ఎంత పని పోయిందో తెలుసా?" అని నోటికొచ్చినట్టు అన్నాను. వాడికి ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేను. పెన్ డ్రైవ్‌కు ఇ అక్షరం వెళ్లడం వల్ల బ్యాకప్ ఆగింది, నిజమే. ఆగిన బ్యాకప్ వల్ల ఒక్క ఫైలు కూడా పోలేదు. పోయింది నేను పేర్లు తారుమారు చేసినందుకు. ఈ తేడా నాకు తిడుతున్నప్పుడే తెలుసు. తెలిసీ తిట్టాను. వాడు "సరే అక్కా" అని తల దించుకుని స్కానర్ దగ్గరకు పోయాడు.

పదింటికి మాస్టారు ఆరు ఫోటోలతో వచ్చారు. కంప్యూటరు రిపేరుకు వెళ్లిందని చెప్పాను. పుస్తకం ఎందాకా వచ్చిందంటే, "అవుతోంది మాస్టారూ, దిద్దుతున్నాం" అన్నాను. ఆయన నమ్మి, ఫోటోల కవర్లు మళ్లీ చేతిసంచిలో పెట్టుకుని, ఎండలో బస్టాండుకు నడిచి వెళ్లారు. ఇంకో మూడు రోజులు ఫోన్లో అదే అబద్ధం చెప్పాను.

డిస్కును తువ్వాల్లో చుట్టి గుంటూరు బస్సెక్కాను. బస్సు మంగళగిరి మీదుగానే వెళ్తుంది. కొండ కనబడేసరికి సంచి ఒళ్లో ఇంకాస్త దగ్గరకు లాక్కున్నాను. ఆ ఊళ్లో ఎన్ని గోడల మీది ఫోటోలు ఆ సంచిలో ఉన్నాయో, ఉన్నాయో లేవో.

మేనల్లుడు ఆ డిస్కును తన మెషిన్‌కు తగిలించి, దాని మీద ఏమీ రాయకుండా, దొరికినవన్నీ వేరే డిస్కులోకి తీసేలా, ఫోటోరెక్‌తో సహా, పోయిన ఫైళ్లు తెచ్చే ప్రోగ్రాములు నడిపాడు. రాత్రంతా పట్టింది. కూర్చున్నంతసేపూ నన్ను ఒక్కమాట అనలేదు. నేనడిగితేనే చెప్పాడు. డి, ఇ అనే అక్షరాలు డిస్కు మీద ఉండవట. విండోస్ రిజిస్ట్రీలో మౌంటెడ్ డివైసెస్ అని ఒక చిట్టా ఉంటుంది. ఫలానా గుర్తున్న డిస్కులో ఫలానా చోట మొదలయ్యే భాగాన్ని మనం డి అని పిలుస్తున్నాం అని అందులో రాసుకుంటుంది. అదే డిస్కును ఇంకో కంప్యూటరుకు పెడితే అక్కడి చిట్టా ప్రకారం ఇంకో అక్షరం. నా డిస్కు వాడి మెషిన్లో జి అయింది. తెర మీద ఆ జి చూసినప్పుడు, ఇన్నేళ్లు నేను నమ్మింది ఎంత పొరపాటో కళ్లకు కట్టింది. మౌంట్‌వాల్ అనే కమాండ్ కొట్టి చూపించాడు. ఒక్కో భాగానికీ ఇంత పొడుగున అంకెలూ అక్షరాలూ కలిసిన అసలు పేరు వేరే ఉంది. మనం పెట్టే అక్షరం మారినా అది మారదు. బ్యాచ్ ఫైలుకు గానీ, పేజీమేకర్‌కు గానీ ఆ పేరు తెలియదు. మనలాగే వాటికీ తెలిసింది డి ఒక్కటే.

పోయిన ఫోటోలు 61. అందులో 17 పేర్లతో సహా దొరికాయి. 36 దొరికాయి గానీ పేర్లు లేవు, ఎఫ్ తర్వాత ఏవో అంకెలు. ఎనిమిది చెడిపోయాయి, సగం దాకా ముఖాలు కనబడి కిందంతా చారలు. పుస్తకం ఫైలు మాత్రం రాలేదు. దాని మీద పాతది రాసేయడంతో కొత్తది పోయినట్టే. మిగతా పార్టీల పనులు కూడా పోయాయి, కార్డులు, కరపత్రాలు, ఒక కాలేజీ మ్యాగజైను. అవన్నీ రాత్రుళ్లు కూర్చుని మళ్లీ చేసి ఇచ్చాం.

నాలుగో రోజు మాస్టారింటికి వెళ్లి నిజం చెప్పాను. అబద్ధం చెప్పానన్న సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. తర్వాత లేచి లోపలికెళ్లి ఒక కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. రెండో ప్రూఫు కాగితాలు, ఎర్రసిరాతో దిద్దినవి. నేను కంపోజు చేసి ఇచ్చిన ప్రతి పేజీ ప్రూఫూ వరస తప్పకుండా దాచుకున్నారు. "మాటలు ఇక్కడున్నాయమ్మా. ఫోటోల సంగతి చూద్దాం పద" అన్నారు. అదే ఏడుపు తెప్పించింది నాకు. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదేమో.

88 పేజీలు ప్రూఫు చూసి మళ్లీ కంపోజు చేశాను. మొదటి 208 పేజీల్లో ఆయన దిద్దినవన్నీ మళ్లీ దిద్దాను. ఆ పని కుర్రాడికి ఇవ్వలేదు. ఫోటోలకు మాత్రం మాస్టారు మూడు మధ్యాహ్నాలు నా పక్కన కూర్చున్నారు. పేరు లేని 36 ఫోటోలు ఒక్కొక్కటే తెర మీద తెరిచాను. ఆయన కళ్లజోడు తీసి, తెరకు దగ్గరగా వంగి చూసేవారు. ఇది ఫలానా వారి గుంటమగ్గం, ఆ అచ్చు వాళ్ల నాన్న చేయించినది. ఈ కండెలు చుడుతున్నామె మా చిన్నమ్మ తోడికోడలు, ఈ ఫోటో తీసిన వారానికి కూతురు పుట్టింది. ఆ గోడ మీద సున్నం చూడు, ఇది పండగ ముందు తీసింది. నేను పేరు టైపు చేసేదాన్ని, ఆయన తర్వాతదానికి వెళ్లేవారు. 36లో ఒక్కదానికి కూడా తడుముకోలేదు.

చెడిపోయిన ఎనిమిదింటి కోసం ఆయనతో కలిసి మంగళగిరి వెళ్లాను. స్కానర్ కూడా తీసుకెళ్లాను, ఫోటో మళ్లీ ఇల్లు దాటకూడదని. ఏడు దొరికాయి. ఎనిమిదోది వీధిలో పడుగు సాగదీస్తున్న అక్కచెల్లెళ్ల ఫోటో. ఆ ఇంటివాళ్లు ఈమధ్యలోనే ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు. మాస్టారు ఎక్కడెక్కడో అడిగించారు, జాడ దొరకలేదు. నా తెర మీద ఆ ఫోటో ఉన్నంతవరకూ ఉంది, పెద్దామె ముఖం, చిన్నామె నుదురు, అక్కడి నుంచి చారలు. పుస్తకంలో వెయ్యలేదు. దాని కింద రావాల్సిన వాక్యం ప్రూఫులో మాస్టారే ఎర్రసిరాతో కొట్టేశారు.

ఇప్పుడు మా బ్యాకప్ డిస్కు అక్షరం ఎక్స్. విండోస్ కొత్తగా వచ్చినవాటికి ముందువైపు ఖాళీ అక్షరాలు ఇస్తుంది గనుక పెన్ డ్రైవులు అంత దూరం రావు. పని డిస్కులో అసలు అనీ, బ్యాకప్ డిస్కులో నకలు అనీ చెరో చిన్న ఖాళీ ఫైలు ఉంది. బ్యాచ్ ఫైలు మొదట ఆ రెండూ వాటి వాటి చోట్ల ఉన్నాయో లేదో చూసుకుంటుంది. లేకపోతే ఏమీ ముట్టకుండా ఆగిపోయి, ఆగానని లాగ్‌లో రాస్తుంది. పొద్దున రాగానే ఆ లాగ్ నేను చదువుతాను. ఏ మార్పు చేసినా ముందు ఎల్ స్విచ్చి పెట్టి ఉత్తుత్తిగా నడిపిస్తాను. ఏం కాపీ చేస్తుందో, ఏం చెరుపుతుందో చెబుతుందే గానీ చెయ్యదు. ఆ సాయంత్రం అది ఒక్కసారి నడిపి ఉంటే చెరపబోయే ఫోటోల జాబితా అంతా తెర మీద కనబడేది.

పుస్తకం సంక్రాంతికి రాలేదు, ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి ప్రతులు ప్రెస్సు నుంచి వచ్చిన సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కుర్రాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను, తప్పు నీది కాదు, నాది, ఆ రోజే నాకు తెలుసు అని. "పర్లేదక్కా" అన్నాడు. కట్ట విప్పి ఒక ప్రతి చేతికిస్తే, ముందు ఫోటోలున్న పేజీలే తిప్పి చూశాడు. ఏడాది తిరక్కుండా హైదరాబాదులో ఆఫ్‌సెట్ ప్రెస్సులో పని దొరికి వెళ్లిపోయాడు. నేను వాణ్ణి తిట్టింది నలుగురి ముందు, నిజం చెప్పింది ఎవరూ లేనప్పుడు. ఆ పెళ్లికార్డుల వాళ్లు ఇప్పటికీ వాడి వల్లే మా పని పోయిందనుకుంటూ ఉండొచ్చు. అందుకే నలుగురూ చదివేచోట రాస్తున్నాను. ఆ పొద్దున పెన్ డ్రైవ్ పెట్టినవాడి తప్పేమీ లేదు.